పచ్చికఱ్ఱ, ఆఱినకఱ్ఱ
(చీమకుర్తి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన పంచవృత్తులలో నొకటియగు వడ్రంగమును గూర్చి ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మన విద్య మయబ్రహ్మనుండి వచ్చినదని ప్రతి సంవత్సరమును చెప్పుకొనుచునే యున్నాము. ఆ ప్రాశస్త్యమును వర్ణింపగల పండితులు ఈ సభలో పలువురు కలరు. మేము మా చేతికి తెలిసిన యొక్క విషయమును మాత్రమే మనవి చేయుదుము. గృహస్థుని పొలముగట్టున పెరిగిన చెట్టును కొట్టి, అతని దొడ్డిలోనే కోసి, అతని నీడలోనే ఆఱబెట్టి, పడకటింటికి మంచము, పెట్టె, బీరువా చేసి యిచ్చు పద్ధతి మన గ్రామములలో నుండెడిది. అది యెట్లు చెడినది, దానిని మఱల నిలువబెట్టుటకు మనమేమి చేయవలయును అనునదియే మా ప్రసంగవిషయము.

చీమకుర్తి యనగానే దేశదేశములవారికి రాయి జ్ఞప్తికి వచ్చును. రామతీర్థము చెంత భూమినుండి తీయు నల్లరాతిలో బంగారువన్నె చుక్కలు నక్షత్రములవలె మెఱయుటచే దానికి బ్లాక్ గెలాక్సీ యను పేరు వచ్చినది. అది సముద్రములు దాటి పోవుచున్నది. మన పిల్లలు పలువురు క్వారీలలోను, రాతిని కోసి మెఱుగు పెట్టు కార్ఖానాలలోను పనికి కుదిరినారు. అందు తప్పేమియు లేదు. శిల్పియు మనవాడే కదా! కాని రాయి కోసిన మఱునాడే పలకయగును. కఱ్ఱ అట్లు కాదు. కోసిన పిదపను అది కొంతకాలము ప్రాణమున్నట్లే కదలుచుండును. ఈ భేదమును మఱచుటయే మన వృత్తికి చేటు తెచ్చినది.

ఈ చేటును పరులపై మోపి చెప్పుట మాకిష్టము లేదు. మా చేతులమీదుగా జరిగినదే చెప్పెదము.

చాల యేండ్ల క్రిందట ఈ ప్రాంతపు రైతొకరు తమ పెద్దకుమార్తె వివాహమునకై మంచము, బీరువా చేయుమని మమ్ము కోరిరి. కఱ్ఱ వారి గట్టుమీది టేకుచెట్టే. కార్తికమున చెట్టు పడినది, మాఘమున ముహూర్తము. నడుమ మూడు నెలలైనను లేవు. పచ్చికఱ్ఱయని మేమెఱుగుదుము. ఎఱిగియు బయానా పుచ్చుకొంటిమి. వెడల్పు పలకలను జిగురుతో నతికి, మేకులతో బిగించి, లక్కపూత పూసి, పెండ్లినాటికి సామానప్పగించితిమి. చూచినవారందఱును మెచ్చుకొనిరి. మేమును సంతోషించితిమి.

రోహిణికార్తె వచ్చినది. ఒకనాటి రాత్రి బీరువా తలుపుపలక పెళ్ళుమని పైనుండి క్రిందివఱకు చీలినది. మంచము కూసములు బెజ్జములలో వదులై, ప్రక్క తిరిగినప్పుడెల్ల కిఱ్ఱుమనుచుండెను. కబురు రాగా పోయి చూచితిమి. తలుపు చీలికలో రూపాయి బిళ్ళ నిలువుగా దూఱుచున్నది. ఆ రైతు మమ్ము కోపింపలేదు. "ఆచారిగారూ! పచ్చి మిరపకాయలు బస్తాకెత్తితే ఏమవుతుందో మేము మీకు చెప్పాలా?" అని మాత్రమనిరి. మఱుసటి యేడు ఆ పలకలను తీసివైచి, ఆఱిన కఱ్ఱతో మా ఖర్చుమీదనే మఱల చేసి యిచ్చితిమి. అయినను వారి రెండవ కుమార్తె వివాహమునకు సామాను పట్టణపు దుకాణమునుండి వచ్చినది. మేము భోజనమునకు పిలువబడితిమి; పనికి పిలువబడలేదు. కూసములు కదలుట యను లోకోక్తికి అర్థము మాకు ఆనాడు తెలిసినది.

మహాశయులారా! దుకాణపు సామాను మన నోటికూడు తీసినదని మనము వాపోవుచున్నాము. రంపపుపొట్టును జిగురుతో నదిమిన పలకపై కఱ్ఱచారల కాగితమంటించి చేసిన మంచము నీరు తగిలిన నుబ్బునని, మేకు విడిచిన మఱల పట్టదని చెప్పుచున్నాము. నిజమే. కాని అది వేసవిలో పెళ్ళుమని చీలదు. మనము పచ్చికఱ్ఱతో చేసి యిచ్చిన ప్రతి మంచమును ఆ దుకాణమునకు మనమే వ్రాసియిచ్చిన సిఫారసు చీటి. వెలలో మనమోడిపోలేదు, తొందరలో నోడిపోతిమి.

ఇక కఱ్ఱ యేల కదలునో చెప్పెదము. పచ్చికఱ్ఱలో నీరు రెండు తావులలో నుండును. నాళములలో నిండిన నీరొకటి, ఆ నాళముల గోడలలో నింకిన నీరొకటి. మొదటి నీరు పోవునప్పుడు కఱ్ఱ తేలికపడును గాని కుదించుకొనదు. పొడికఱ్ఱ బరువులో నూటికి సుమారు 25 మొదలు 30 పాళ్ళవఱకు చెమ్మ దిగిన పిమ్మట రెండవ నీరు కదలును. అప్పుడే కుదింపు ఆరంభమగును. ఆ కుదింపు అన్నివైపుల సమానము కాదు. నిలువున దాదాపు లేనట్లే. నడిగుండెనుండి బెరడువైపునకు కొంత. వలయముల వెంబడి దానికి సుమారు రెట్టింపు. అందుచేతనే దుంగ ఎండలో పడియున్నచో చివరలనుండి చక్రపుటాకులవలె నెఱ్ఱెలు విచ్చును. టేకు మంచికఱ్ఱ గనుక తక్కువ కుదించుకొనును. అట్లయ్యు వలయముల వెంబడి కోసిన పలక పచ్చినుండి ఆఱునప్పటికి నూటికి సుమారు 3 పాళ్ళు తగ్గును. 12 అంగుళముల వెడల్పు పలకలో నది అంగుళమున మూడవవంతునకు మించును. మేకులతో నాలుగంచుల బిగించిన పలక ఆ మూడవవంతును ఎక్కడనుండి తెచ్చుకొనగలదు? చీలికనుండియే తెచ్చుకొనును.

మన పూర్వులు ఈ లెక్కలు వ్రాయకపోయినను ఫలమెఱిగియే పనిచేసిరి. ఆఱవ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో శయ్యాసనములకై ప్రత్యేకముగా నొక యధ్యాయము వ్రాసి, శాకము, అనగా టేకు, శింశుపము మొదలగు వృక్షములను మంచములకు యోగ్యములని యెన్నినాడు. పిడుగు పడిన చెట్టును, ఏనుగు కూల్చిన చెట్టును వర్జించినాడు. శకునమునకై చెప్పినదే యైనను, అట్లు పడిన చెట్టులో కంటికి కానరాని పగుళ్ళుండునని చెట్టు కోసినవాడెవ్వడైన నొప్పుకొనును. మా బాల్యమున తుమ్మమొద్దులను నెలల తరబడి చెఱువునీట నానవేసి తీసెడివారు. తెల్లచెక్కలోని పిండిపదార్థము నీట తగ్గిపోవును. దానికై వచ్చు పురుగు రాదు. పిదప గుంటపై దుంగను నిలిపి, పైనొకడు క్రిందనొకడు రంపము లాగి పలకలు తీసెడివారు. ఆ పలకలు కొట్టపు అటుకమీద వానకాలమును వేసవియు గడిపినగాని మా పెద్దలు వానిమీద చిత్రిక పెట్టనిచ్చెడివారు కారు.

నేటి పద్ధతి చెప్పెదము. మొట్టమొదట చట్టము. మన రాష్ట్రమున 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి పట్టాభూమిలోని చెట్టునైనను కొట్టుటకు ముందు అనుమతి విచారించుకొనవలయును. కోతమిల్లు నెలకొల్పుటకు అటవీశాఖవారి లైసెన్సు కావలయును. ఎఱ్ఱచందనపు ముక్కను తక్కువ వెలకు తెత్తునని యెవడైన వచ్చినచో వానిని గడప దాటనీయరాదు. ఒక్క దొంగదుంగ వందయేండ్ల యింటిపేరును చెఱచును.

తరువాత కఱ్ఱయెన్నిక. టేకు చేవకు చెదలు సులభముగా పట్టవు, తెల్లచెక్కకు పట్టును. కావున టేకు అన్నంతమాత్రమున చాలదు, చేవ చూడవలెను. నల్లతుమ్మ బరువైనది, గట్టిది. బండికిని నాగలికిని పనికివచ్చినది మంచపుకోళ్ళకు పనికిరాకపోదు. వేప మహాగని కుటుంబములోనిదే. చక్కగా ఆఱినచో పెట్టెలకును బీరువాలకును మేలైనది. దిరిసెన చేవ ముదురు గోధుమవన్నె కలిగి చూడ ముచ్చటగా నుండును గాని దాని పొట్టు ముక్కునకెక్కి తుమ్ములు తెప్పించును. కోయునప్పుడు గుడ్డ కట్టుకొనవలెను. మామిడిచెక్క మరుగుభాగములకు చాలును. మన మెట్టపొలములలో కాగితపుమిల్లులకై పెంచు లేత జామాయిలు మెలిదిరుగును, చీలును. దానిని పడకటింటికి తేకుండుటయే మేలు.

చెట్టు పడిన దినముననే దుంగ చివరలకు రంగో మైనమో దట్టముగా పూయవలెను. చివరలనుండి నీరు త్వరగా పోవుటచేతనే చీలికలు పుట్టును. కోతకు నేడు గొలుసురంపమును ఇనుపచట్రమునకు బిగించి దొడ్డిలోనే పలకలు తీయు సాధనములు వచ్చినవి. సౌకర్యమే, కాని ఆ గొలుసు ప్రతి కోతకును సుమారు 8 మిల్లీమీటర్ల కఱ్ఱను పొట్టు చేయును. నాడారంపమునకు 2 మిల్లీమీటర్లు చాలును. తొమ్మిది కోతలు కోసినచో గొలుసురంపము సుమారు మూడంగుళముల కఱ్ఱను పొట్టుక్రింద తినివేయును. కావున లావైన కోళ్ళకును పట్టెలకును అది చాలును. పలుచని పలకలకు లైసెన్సుగల మిల్లుననే కోయించుట లాభము.

గృహస్థులు తమ చెట్టు ఎన్ని వస్తువులకు చాలునని యడుగుదురు. దుంగ చుట్టుకొలతలో నాల్గవవంతును దానితోనే గుణించి, పొడవుతో గుణింపుడు. 48 అంగుళముల చుట్టుకొలత, 8 అడుగుల పొడవుగల దుంగకు నాల్గవవంతు 12 అంగుళములు, అనగా ఒక అడుగు; కావున 8 ఘనపుటడుగులు. అంచుచెక్కలు, తెల్లచెక్క, పొట్టు పోగా చేతికి వచ్చునది యిందులో చాల తక్కువ. దంపతులు పరుండు మంచమునకు కోళ్ళు, పట్టెలు, తలవైపు పలక, అడుగుచెక్కలు కలిపి సుమారు 5 ఘనపుటడుగుల కఱ్ఱ పట్టును. అట్టి దుంగ ఒక మంచమునకు వచ్చిన అదృష్టము. బీరువాకు కూడ వచ్చునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. ఈ లెక్కను పని కుదుర్చుకొనునప్పుడే చెప్పిన కలహములు పుట్టవు.

కోసిన పలకలను నేలకు అడుగెత్తున దిమ్మెలపై పేర్చి, వరుసవరుసకు నడుమ ఒక యంగుళపు ఎండుబద్దలను ఒకదానిపై నొకటి నిట్టనిలువుగా వచ్చునట్లు పెట్టవలెను. బద్దలు వంకరగా పడినచో పలకలును వంకరయగును. పైన కప్పుండవలెను, ప్రక్కల గాలి యాడవలెను, ఎండ తగులరాదు. అంగుళపు మందమునకు ఒక సంవత్సరమని పాతమాట. కఱ్ఱజాతినిబట్టి కొంత అటునిటు కావచ్చును. తెల్లచెక్కను వాడక తప్పనిచో బోరాక్సును బోరిక్ ఆమ్లమును కరగించిన నీట ముంచి తీసినచో పుచ్చుపురుగునుండి కాపాడవచ్చును.

ఆఱినదో లేదో తెలియుటెట్లు? గోటితో గీసి, చెవితో తట్టి చెప్పు నేర్పరులున్నారు. వారికి నమస్కారము, కాని తక్కెడ వారికంటె సత్యవాది. పలక నడుమనుండి చిన్నముక్క కోసి తూచుడు. దానిని పొయ్యిపెట్టెలో కాల్పక ఎండించి, బరువు మఱి తగ్గనంతవఱకు తూచుచుండుడు. 112 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగి నిలిచినచో చెమ్మ నూటికి 12 పాళ్ళు. మన ప్రాంతమున ఇంటిలోనుంచు సామానుకు ఇంచుమించు అంతయే తగును. 125 ఉన్నచో పలకను మఱల దొంతిలో పెట్టవలసినదే.

ఆఱిన పిమ్మటను కఱ్ఱ వానకాలమున కొంచెము ఉబ్బును, వేసవిలో కొంచెము తగ్గును. దానిని బంధించుట కాదు, దానికి చోటిచ్చుట నేర్పు. తలుపుపలకను చట్రపు గాడిలో వదులుగా నిలిపి, జిగురును మేకును తగులనీయకున్నచో అది తనచోట తాను కదలుకొనును. మంచపుపట్టెలను కోళ్ళ బెజ్జములలో దించి, విప్పుటకు వీలుగా మఱలతో బిగించినచో ఇల్లు మాఱునప్పుడు గొడ్డలి పని యుండదు. పూతకు లక్కయు అవిసెనూనెయు నేటికిని మంచివే.

ఇంతవఱకు చెప్పినది చాలమందికి తెలియనిదేమియు కాదు. తెలిసియు చేయకపోవుటకు కారణము సోమరితనమును కాదు, కపటమును కాదు. లేమి. ఆఱుచున్న కఱ్ఱ యనగా కదలక కూర్చున్న రూపాయి. కోతకూలి నేడియ్యవలెను, మంచపు వెల మఱుసటి యేడు వచ్చును. నడుమ పొయ్యి వెలుగవలెను. పిల్లవానిని బడికి పంపవలెను. అప్పుడు ముహూర్తము ముందున్న గృహస్థుడు బయానాతో వచ్చినచో పచ్చికఱ్ఱమీద చేయి వేయనివాడెవ్వడు? మేమును వేసితిమి. వడ్రంగికి కఱ్ఱ ఆఱువఱకు కాచుకొను శక్తి కల్పింపక, కాచుకొనుమని బోధించుట వ్యర్థము.

కావున ఈ సభవారికి మూడు మనవులు.

మొదటిది సంఘమునకు. ఒక ఉమ్మడి ఆఱుబోతుకొట్టమును ఏర్పఱుపుడు. మన ప్రాంతమున వాడుక తప్పిన పొగాకు బ్యారనులు కలవు. క్రిందను పైనను గాలికంతలుగల ఆ గదిలో మంట లేకుండనే పలకలు పేర్చవచ్చును. పొగాకు ఆకునకు ఒప్పిన గోడలు మన పలకలకు ఒప్పకపోవునా? ఒక తక్కెడ, ఒక లెక్కపుస్తకము చాలును. ప్రతి పలకమీద కోసిన తేది, యజమాని పేరు వ్రాయవలెను. పుస్తకములో చెమ్మలెక్క వ్రాయనిదే పలక వెలికి పోరాదు. పలక కొట్టములో చేరిననాడే ఆ హామీమీద కోతకూలి మొత్తమును వడ్డీలేక సంఘనిధినుండి బదులియ్యవలెను. మంచము పోయిననాడు తిరిగి కట్టించుకొనవలెను. 2023 సెప్టెంబరు 17వ తేదిన కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకమున పదునెనిమిది చేతివృత్తులలో వడ్రంగమును చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయలను, హామీ లేకుండ తొలివిడత లక్ష, మలివిడత రెండు లక్షల రూపాయలవఱకు నూటికి 5 వడ్డీపై అప్పును ఏర్పఱిచిరి. మనవారిలో దరఖాస్తు వ్రాయలేక ఊరకున్నవారికి చదువుకొన్న పిల్లలు తోడ్పడవలెను. ఆ సొమ్ముతో మఱియొక యంత్రము కొనుటకంటె ముందు ఒక యేడాది కఱ్ఱ నిలువచేసికొన్నచో యంత్రము తానై వచ్చును.

రెండవది పోషకమహాశయులకు. మీరు మిరపకాయను కళ్ళములో ఎన్నినాళ్ళు ఎండబెట్టుదురో, ఎన్నిమార్లు తిరుగవేయుదురో మేమెఱుగుదుము. పచ్చికాయ బస్తాకెత్తిన రైతు గుంటూరు యార్డులో తలయెత్తలేడు. ఆ యోర్పునే మాకు నియ్యుడు. పిల్లకు సంబంధము కుదిరిన పిమ్మట కాదు, చూడ మొదలుపెట్టినప్పుడే చెట్టు చూపుడు. ముహూర్తము ముందే వచ్చినచో నవారుమంచముతో కాపురము మొదలుపెట్టించి, కొయ్యమంచమును మఱుసటి యేడు సారెగా పంపుడు. పది నెలలు ఆలస్యముగా వచ్చిన మంచము మీ మనుమలకు దక్కును.

మూడవది మనవారికి. కఱ్ఱ పచ్చిగా నున్నచో పచ్చిగా నున్నదని చెప్పుదము. ఆ మాటవలన ఆ పని పోవచ్చును. పోనిండు. మాకు ఆనాడు ఆ మాట చెప్పుటకు నోరు రాలేదు. చెప్పియున్నచో ఒక బీరువా పోయెడిది, ఒక యిల్లు నిలిచెడిది. చెప్పనందున బీరువా నిలువలేదు, ఇల్లును పోయినది.

పిల్లలకొక్క మాట. మీరు క్వారీకి పొండు, కంప్యూటరు చదువులకు పొండు, ఎవ్వరును అడ్డము చెప్పరు. కాని మీ తండ్రి చేతి ఉలిని తుప్పు పట్టనీయకుడు. చెట్టులో నడుమనున్న గట్టికఱ్ఱను మన భాషలో చేవ యందుము. మనిషిలోని సత్తువకును అదే మాట. రెండును ఒకనాటిలో వచ్చునవి కావు. చుట్టునున్న తెల్లచెక్క యేటేట లోనికి చేరి చేవయగుచుండును. వృత్తియు నట్లే తరమునుండి తరమునకు చేవదేలవలెను.

ఆ రైతుగారి పెద్దకుమార్తె యింట మేము మఱల చేసిన మంచము నేటికిని ఉన్నది. మొన్న వారి కుమారుడు వచ్చి, తనకును అట్టిదే కావలెనని అడిగినాడు. వారి గట్టున తుమ్మ యున్నదట. ముహూర్తమెప్పుడని మేమడిగితిమి. "ఇంకా పిల్లనే చూడలేదు, ఆచారి తాతా! ముందు కఱ్ఱ ఆఱనిమ్మని అమ్మ చెప్పమన్నది" అనినాడు. మాకు కన్నులు చెమర్చినవి. పోయిన యిల్లొకటి తిరిగి వచ్చినది. ఇట్లే మనవారందఱికిని పోయిన యిండ్లు తిరిగి వచ్చుగాక యని విశ్వకర్మ భగవానుని ప్రార్థించుచు విరమించుచున్నాము.